పందికొక్కులను పట్టించేశాం, ఇప్పుడు పెరడు బాగుచేయడం ఎలా?

పెరటిగట్టు అడిగారు:

ఇంటి వెనక పెరట్లో మూడు వారాల్లో బోన్లతో పన్నెండు పందికొక్కులు పట్టించాం. గత తొమ్మిది రోజులుగా బోన్లు ఖాళీ. మందు పెట్టలేదు, మాత్రలు వేయలేదు. ఇప్పుడు మిగిలిన పరిస్థితి ఇది:

ప్రహరీ గోడ వెంట ఏడు కలుగులు. వాటిలో రెండు గోడ పునాది కిందికి వెళ్తున్నట్టున్నాయి. మురుగు ఛాంబర్ పక్కన ఇంకో రెండు. పేవర్ బ్లాకుల దారిలో ఒకచోట అడుగు పెడితే దిగుతోంది. పాత గోనెసంచులు, కట్టెలు పెట్టిన రేకుల గది నిండా పెంటికలు, ఉచ్చ కంపు. రెండేళ్ల నిమ్మమొక్క మొదట్లో బెరడు కొరికేశాయి, మొక్క కదిపితే ఊగుతోంది.

కలుగుల్లో గాజు పెంకులు వేసి పైన సిమెంటు కొట్టేస్తే చాలంటున్నారు. గదిని ఊడ్చి ఫినాయిల్‌తో కడిగేయమంటున్నారు. ఇవి సరిపోతాయా? ఏది ముందు, ఏది తరవాత చేయాలి?

---

కలుగులెక్క జవాబు:

సిమెంటు బస్తా ఇంకా విప్పకండి. బోను ఖాళీగా ఉందంటే కలుగు ఖాళీ అయిందని కాదు. పందికొక్కులకు అనుమానం ఎక్కువ. తోటివి చిక్కడం మొదలయ్యాక మిగిలినవి బోను దగ్గరికి రావడం మానేస్తాయి. ముందు తేల్చుకోవాల్సింది లోపల ఏమైనా ఉందా లేదా అన్నదే.

ప్రతి కలుగు పక్కన పుల్ల పాతి నంబరు వేయండి. సాయంత్రం నలిపిన పేపరు ఉండను కలుగు నోట్లో కుక్కి, పైన గుప్పెడు వదులు మట్టి వేయండి. గట్టిగా తొక్కొద్దు. పొద్దున్నే చూసి, తెరుచుకున్నది ఏ నంబరో రాసుకోండి. వరసగా ఐదు రాత్రులు ఇలా చేయాలి. మట్టి బయటికి నెట్టి ఉంటే లోపలి నుంచి తెరిచినట్టు. పేపరు లోపలికి లాగేసి ఉంటే బయటి నుంచి ఏదో వచ్చి ఉండొచ్చు. ఒక్క రాత్రి తెరుచుకున్నా ఆ కలుగు దగ్గర బోను మళ్లీ పెట్టి, లెక్క మొదటి రాత్రి నుంచి మొదలుపెట్టాలి.

చాలామంది పొరబడేది ఒకచోట. పందికొక్కు తానే లోపలి నుంచి వదులు మట్టితో నోరు మూసుకుంటుంది. కాబట్టి మూసుకుపోయి కనిపించే కలుగును పాడుబడిందని వదిలేయకూడదు. అడ్డంగా సాలెగూడు, లోపల ఎండుటాకులు, ఎండి బిరుసెక్కిన అంచు ఉంటే అది పాతది. అంచు నున్నగా తేలి, ముందు తడి మట్టి కుప్ప ఉంటే వాడుకలో ఉన్నది.

పట్టినవాటిలో పాలిచ్చే ఆడవి ఉంటే పిల్లలు లోపలే మిగిలిపోయి రెండు మూడు రోజుల్లో చచ్చి కంపు కొడతాయి. తొమ్మిది రోజులైంది కాబట్టి మీ విషయంలో అది చాలావరకు అయిపోయి ఉంటుంది. తవ్వేటప్పుడు కళేబరాలు రావచ్చు, సిద్ధంగా ఉండండి.

ఇంకో మాట. ఖాళీ అయిన కలుగు ఎన్నాళ్లో ఖాళీగా ఉండదు. పాము, కప్ప, ముంగిస, ఏదో ఒకటి చేరుతుంది. చెయ్యి పెట్టి చూడటం అసలు వద్దు. మోకాళ్ల కింది వరకు బూట్లు, పొడుగు కర్ర, పగటి వెలుతురు ఉండాలి. పాము కనిపిస్తే పని ఆపి పాములు పట్టేవాళ్లను పిలవండి. ముంగిస, ఉడుము లాంటివి ఉంటే అటవీ శాఖకు చెప్పాలి, వాటిని లోపల పెట్టి పూడ్చకూడదు. పామును రానివ్వదని ఫినాయిల్, వెల్లుల్లి, గంధకం చల్లడం డబ్బు దండగ.

చదివే మిగతావాళ్ల కోసం: ఎవరైనా పొగమాత్రలు, అంటే ఫాస్ఫైడ్ రకం, వేయించి ఉంటే ఆ కలుగుల్లో నీళ్లు పోయొద్దు, వేసినవాళ్లు సరేననే దాకా తవ్వొద్దు. తడి తగిలితే ఫాస్ఫీన్ వాయువు ఇంకా వేగంగా వస్తుంది, అది ప్రాణం తీస్తుంది. ఎర మందు పెట్టినవాళ్లు మిగిలిన గింజలు, బిళ్లలు అన్నీ ఏరి, లేబుల్ మీద రాసినట్టే పారేయాలి. మట్టిలో కలిపేస్తే పిల్లి, కుక్క, గుడ్లగూబ దాకా వెళ్తుంది.

---

తడిగుడ్డ జవాబు:

ఈ ఐదు రాత్రులు వృథా పోకుండా గది సంగతి చూసుకోవచ్చు. గదిని ఊడ్చొద్దు. వ్యాక్యూమ్ కూడా వద్దు. ఎండిన పెంటిక, ఉచ్చ పొడిగా లేచి గాలిలో కలుస్తాయి. పీల్చకూడనిది సరిగ్గా అదే.

తలుపులు, కిటికీలు తెరిచి అరగంట వదిలేసి బయటికి వచ్చేయండి. రబ్బరు గ్లౌజులు, మూసిన బూట్లు, ముక్కుకు ఎన్95 మాస్కు వేసుకోండి. ఐదు శాతం ద్రవ బ్లీచ్ అయితే ఒక వంతుకు తొమ్మిది వంతుల నీళ్లు. బ్లీచింగ్ పౌడర్ అయితే, 30 శాతం క్లోరిన్ ఉన్నది, లీటరు నీటికి 17 గ్రాములు కలిపి పది నిమిషాలు తేరనిచ్చి పైతేట వాడండి. రెండిట్లోనూ అరశాతం ద్రావణమే వస్తుంది. ఏ రోజుది ఆ రోజే కలుపుకోవాలి, మర్నాటికి బలం పోతుంది. ఏడాదిగా మూత సరిగ్గా లేకుండా పడున్న పౌడరు మీద ఈ లెక్క పనిచేయదు, కొత్త ప్యాకెట్ తెచ్చుకోండి.

చేతి స్ప్రేయర్‌ని సన్నని తుంపరకు పెట్టి పెంటికలు తడిసి మెత్తబడేదాకా కొట్టండి. పైపుతో జోరుగా కొడితే అదీ తుంపరలై మీ మీదికే వస్తుంది. పది నిమిషాలు ఆగి, పాత పేపర్లతో ఎత్తి రెండు కవర్లలో, ఒకదానిలో ఒకటి, మూతి కట్టి చెత్తలో వేయండి. తరవాత మిగిలిన ద్రావణంతో నేల తుడిచి, ఇంకో పది నిమిషాల తర్వాత మంచినీళ్లతో కడగండి. ఇనుప సామాన్లకు ఈ కడగడం తప్పనిసరి, లేదంటే తుప్పు పడతాయి. గోనెసంచులు ఉతికే పని పెట్టుకోకండి, తడిపి పారేయడమే. కట్టెలను ఎండలో విడివిడిగా పరిచి, రెండు మూడు రోజులు తిరగేస్తూ ఉంచండి.

ఫినాయిల్ గురించి. ఎక్కువగా కంపును కప్పుతుంది. పెంటికలు ఉండగానే దానితో కడిగితే ఆ నీళ్లు మూలమూలకూ పారుతాయి. పైగా బ్లీచ్ కొట్టిన చోట ఫినాయిల్ గానీ, మరుగుదొడ్డి యాసిడ్ గానీ, అమోనియా ఉన్న క్లీనర్ గానీ వాడొద్దు. యాసిడ్ కలిస్తే క్లోరిన్ వాయువు వస్తుంది. పాత ఉచ్చ బాగా పేరుకున్న చోట బ్లీచ్ ఒక్కటే కొట్టినా కళ్లు మండే వాసన వస్తుంది, ఉచ్చలోని అమోనియా వల్ల. అలాంటి మూలల్లో కొంచెం కొంచెంగా కొట్టి బయటికి వచ్చేయాలి.

పెరటి మట్టి మీద మాత్రం బ్లీచ్ పోయకండి. మట్టిలోని సేంద్రియ పదార్థమే క్లోరిన్‌ని తినేస్తుంది. క్రిములు చావవు, వానపాములూ వేళ్లూ చస్తాయి. పెంటికలు గుట్టగా ఉన్న చోట పైమట్టి ఐదు సెంటీమీటర్లు చెక్కి తీసేసి, బావికి, బోరుకు దూరంగా రెండడుగుల గోతిలో పూడ్చండి. కళేబరాలు దొరికినా అంతే. మిగతా నేలను ఎండనివ్వండి. ఎలుక ఉచ్చ నుంచి వచ్చే లెప్టోస్పైరా అనే జబ్బు క్రిమి తడి మట్టిలో, నిలవ నీళ్లలో వారాల తరబడి బతుకుతుంది, ఎండితే చస్తుంది. అందుకే వాన పడ్డ మర్నాడు ఒట్టి కాళ్లతో ఈ పని పెట్టుకోకూడదు. కాళ్ల మీద గీతలు, పుండ్లు ఉంటే నీరు చొరని కట్టు కట్టుకోండి. పని చేసిన నెల రోజుల్లోపు జ్వరం, పిక్కల్లో నొప్పి, కళ్లు ఎర్రబడటం ఉంటే డాక్టరుకు ఎలుకల మట్టిలో పనిచేశామని మీరే చెప్పాలి. ఆ సంగతి ఆయన అడిగేదాకా ఆగొద్దు.

---

దిమ్మిస జవాబు:

పూడ్చే సంగతి నేను చెప్తాను. కలుగు నోరు నాలుగైదు అంగుళాలు కనిపిస్తుంది, అసలు నష్టం దాని వెనక ఉంది. నోట్లో సిమెంటు కొట్టి వదిలేస్తే లోపల డొల్ల అలాగే ఉంటుంది. వానకు నీళ్లు పక్క నుంచి దిగి సన్నమట్టిని కడుక్కుపోతాయి, నేల కుంగుతుంది. పందికొక్కుకు ఆ సిమెంటు బిళ్ల ఒక లెక్క కాదు, జానెడు పక్కన కొత్త నోరు తీస్తుంది.

గాజు పెంకుల మాట కూడా అంతే. వదులు మట్టిలో పెంకు పక్కకు జరిగిపోతుంది, అది చుట్టూ తవ్వుకుంటుంది. రేపు అక్కడ మొక్క నాటేవాడి చేతికి మాత్రం తప్పకుండా తెగుతుంది.

ముందు డొల్ల ఎంత దూరం పోయిందో కనుక్కోండి. నోటి నుంచి మొదలుపెట్టి అడుగు అడుగుకీ పలుగు దించుతూ వెళ్లండి. దిగుతూ దిగుతూ ఒక్కసారిగా జారిందంటే అక్కడ డొల్ల. సున్నంతో గుర్తు పెట్టండి. గోడకు దూరంగా ఉన్న కలుగైతే బకెట్ నీళ్లలో సున్నం కలిపి పోసి, తెల్లనీళ్లు ఎక్కడ తేలతాయో చూడొచ్చు. పునాది పక్కన మాత్రం నీళ్లు పోయొద్దు.

రెండడుగుల లోతు లోపల ఉన్న సొరంగాన్ని పైనుంచి తెరిచేయడమే మంచిది. లోపల దాచుకున్న గింజలు, గడ్డి, గుడ్డపీలికలు పూర్తిగా తీసేయాలి. అవి కుళ్లితే నేల మళ్లీ దిగుతుంది, వాసనకు కొత్తవి వస్తాయి. తవ్వి తీసిన మట్టే సరిపోతుందనుకోకండి. పన్నెండు సెంటీమీటర్ల వెడల్పున మూడు మీటర్ల సొరంగం, చివర అడుగు వెడల్పు గూడు ఒకటి ఉంటే దాదాపు 50 లీటర్ల ఖాళీ. కుదించాక అంత నిండాలంటే వదులు మట్టి 65 లీటర్ల దాకా పడుతుంది. పదిహేను లీటర్ల తట్టతో నాలుగు తట్టలకు పైనే. ఒక్క కలుగుకే ఇది.

మట్టి పిడికిట్లో పిసికితే ఉండ కావాలి, నీరు కారకూడదు. ఆరంగుళాల పొరగా వేసి దిమ్మిసతో కొట్టాలి. దెబ్బ మెత్తగా మోగినంతసేపు కొడుతూనే ఉండాలి, గట్టిగా మోగాక పై పొర. అంతా ఒకేసారి నింపి పైన తొక్కితే పైనున్న జానెడే గట్టిపడుతుంది. చివర చుట్టుపక్కల నేల కంటే రెండంగుళాలు ఎత్తుగా వదలండి, రెండు వానలకు సమానమవుతుంది.

గోడ కిందికి పోయిన రెండూ వేరే పని. పునాది పక్కన మీటరు పొడవుకు మించి ఒకేసారి తెరవకూడదు. ఒకటి పూర్తిగా నింపాకే పక్కది తవ్వాలి. గోడ కింద దిమ్మిస ఆడదు కాబట్టి అక్కడ జారుగా పోసే మిశ్రమం కావాలి. సిమెంటు ఒక పాలు, ఇసుక ఆరు పాళ్లు, నీళ్లు గరిటెజారుగా. రెండంగుళాల పైపును లోపలి చివరి దాకా పెట్టి, పోస్తూ పైపును వెనక్కి లాగుతూ రండి. నోటి దగ్గర నుంచి పోస్తే గాలి లోపల చిక్కి సగం డొల్లే ఉంటుంది. మర్నాడు చూస్తే కొంత దిగి ఉంటుంది, మళ్లీ నింపాలి. పచ్చి సిమెంటును పందికొక్కు గోకేస్తుంది. అందుకే ఐదు రాత్రుల పరీక్ష పూర్తి కాకుండా ఈ పని ముట్టుకోవద్దనేది. గోడలో అప్పటికే పగులు ఉన్నా, గోడ వాలినట్టు ఉన్నా మీరు తవ్వకండి, ఇంజినీరుకు చూపించండి.

గోడ వెంట మళ్లీ తవ్వకుండా పాతే జాలీ సంగతి. సగం అంగుళం కన్ను ఉన్న జీఐ (జింకు పూత ఇనుప) వెల్డ్‌మెష్, తీగ కనీసం 1.2 మిల్లీమీటర్లు. కోళ్ల జాలీ పనికిరాదు, తీగ పలచన. ప్లాస్టిక్ జాలీని ఒక్క రాత్రిలో కొరికేస్తాయి. 90 సెంటీమీటర్ల వెడల్పు చుట్ట తీసుకుంటే లెక్క సరిపోతుంది: నేల పైన 10 గోడకు బిగించడానికి, 50 నిలువుగా కిందికి, మిగిలిన 30 అడుగున పెరటివైపు వంపు. ఆ వంపు కీలకం. గోడ వారగా తవ్వుకుంటూ దిగేదానికీ, అవతల నుంచి పునాది కిందుగా వచ్చి పైకి తేలబోయేదానికీ అదే అడ్డం. పైన అడుగుకొక స్క్రూ, వాషరుతో. రెండు ముక్కలు కలిసే చోట నాలుగంగుళాలు ఒకదాని మీద ఒకటి వేసి జీఐ తీగతో కుట్టండి. గోడకు నీళ్లు పోయే కన్నాలుంటే మూసేయొద్దు, పావు అంగుళం జాలీ బిగించండి. మూస్తే వెనక నీళ్లు నిలిచి గోడనే నెడతాయి.

పేవర్ దారి: దిగిన చోటుకి అన్నివైపులా అడుగున్నర అదనంగా బ్లాకులు ఎత్తండి. డొల్ల పైకి కనిపించేదానికంటే ఎప్పుడూ వెడల్పే. ఇసుక తీసి, కింది డొల్లను పైన చెప్పినట్టే పొరలుగా నింపి, నాలుగంగుళాల గ్రావెల్ కుదించి, దాని మీద ఒకటిన్నర అంగుళాల ఇసుక సమం చేసి బ్లాకులు పేర్చాలి. సందుల్లో పొడి ఇసుక ఊడ్చి నింపండి. తడి ఇసుక సందుల్లోకి దిగదు.

---

నిమ్మచెట్టు జవాబు:

మొక్క ఊగుతోందంటే వేళ్ల కింద డొల్ల ఉంది. మొదట్లో చెంబు చెంబుగా నీళ్లు పోస్తూ సన్నని పొడిమట్టి జారవిడవండి. బుడగలు రావడం ఆగేదాకా. అరికాలితో తొక్కొద్దు, మిగిలిన వేళ్లు తెగుతాయి. బయటపడ్డ వేళ్ల చివర్లు పీచుపీచుగా ఉంటే పదునైన కత్తెరతో నున్నగా కత్తిరించండి. వేళ్లు పోయినంత మేర పైన కొమ్మలూ తగ్గాలి, నాలుగో వంతు కత్తిరిస్తే సరిపోతుంది. అడుగు దూరంలో గుంజ పాతి మెత్తని గుడ్డతో వదులుగా కట్టండి.

బెరడు కొరికిన చోట బోర్డో పేస్టు పూయండి. వంద గ్రాముల మైలుతుత్తం అర లీటరు నీళ్లలో, వంద గ్రాముల సున్నం ఇంకో అర లీటరులో విడివిడిగా కరిగించి, రెండూ ప్లాస్టిక్ బకెట్లో కలపాలి. ఇనుప పాత్ర వద్దు. బెరడు చుట్టూ ఎంత పోయిందో కొలవండి. సగం లోపైతే కోలుకుంటుంది. ఉంగరంలా పూర్తిగా పోయి ఉంటే గాయం పైనా కిందా ఉన్న బెరడును కొమ్మముక్కలతో కలిపే వంతెన అంటు కట్టించాలి, లేదంటే కొత్త మొక్కే. గాయాన్ని మట్టితో కప్పేయడం చాలామంది చేసే పొరపాటు, కాండం కుళ్లుతుంది. కొత్త చిగురు వచ్చేదాకా యూరియా ముట్టుకోకండి.

పెరట్లో ఆకుకూరలుంటే ఇప్పుడున్న కోత తీసి పారేయండి. కొరికిన కాయల్లో మంచి భాగం కోసుకుని వాడటం వద్దు.

---

పెరటిగట్టు:

ఐదు రాత్రులయ్యాయి. ఆరు కలుగులు కదల్లేదు. గోడ వెంట నాలుగో నంబరు, ఛాంబర్ పక్కన రెండూ తెరుచుకున్నాయి. ఛాంబర్ పక్కవాటిలో పేపరు లోపలికి లాగేసి ఉంది, మట్టి ఎప్పుడూ తడిగానే ఉంటోంది. నాలుగో నంబరులో మట్టి బయటికి నెట్టి ఉంది.

---

దిమ్మిస జవాబు:

ఎండాకాలంలోనూ తడి ఆరని మట్టి అంటే పైపు కారుతోందని అనుమానించాలి. ఇంట్లో సింకులో గానీ స్నానాల గదిలో గానీ ముదురు రంగు కలిపిన రెండు బకెట్ల నీళ్లు వదలండి. కలుగు పక్కన అడుగు లోతు గుంట తీసి అరగంట చూడండి. రంగు తేలితే ఛాంబర్‌లోకి వచ్చే పైపు జాయింటు విడిపోయినట్టే. మురుగు లైన్లోంచి వచ్చేవాటికి అదే గుమ్మం, గోడ వెంట ఎంత జాలీ వేసినా ఆగవు.

ప్లంబరుతో విరిగిన ముక్క కోయించి కొత్త ముక్క, కప్లర్లు వేయించండి. పైపు ఛాంబర్ గోడలోకి దూరే చోట చుట్టూ ఉన్న సందును 1:3 మాలుతో (సిమెంటు ఒక పాలు, ఇసుక మూడు పాళ్లు) లోపల, బయట నింపాలి. మూత పగిలి ఉంటే మార్చేయండి. మూత తెరిచి తల లోపల పెట్టి చూడటం, లోపలికి దిగడం మాత్రం వద్దు, విషవాయువుకు అరుపు కూడా బయటికి రాదు. పైపు పని అయ్యాకే ఆ రెండు కలుగులు పూడ్చండి. మిగతా ఆరూ ఈలోగా పూడ్చుకోవచ్చు.

---

కలుగులెక్క జవాబు:

నాలుగో నంబరులో ఒకటైనా ఉంది. పాత బోనునే మళ్లీ పెడితే రాదు. బోను కడిగి, ఎర మార్చి, తలుపు కట్టేసి మూడు రాత్రులు ఉత్తినే తిననివ్వండి. నాలుగో రాత్రి తలుపు విడవండి. బోనును కలుగు నోటికి ఎదురుగా కాకుండా, గోడ వారగా అది నడిచే దారిలో ఉంచండి.

అన్నీ పూడ్చాక గోడ వెంట నాలుగైదు చోట్ల, అడుగు చదరాన పలచగా ముగ్గుపిండి చల్లండి. పొద్దున్నే ముద్రలు కనిపిస్తాయి. పందికొక్కు వెనక పాదం ముద్ర ఇంటి ఎలుకదానికంటే బాగా పెద్దది, చూస్తే తెలిసిపోతుంది. వాన పడితే మళ్లీ చల్లాలి. మూడు వారాలు ముద్ర లేకపోతే, తరవాత నెలకు రెండు రాత్రులు చాలు. గదిలో కట్టెలు తిరిగి పెట్టేటప్పుడు గోడకు అడుగు దూరంలో, నేలకు అడుగు ఎత్తున బల్ల మీద పేర్చండి. కింద చీపురు దూరేంత ఖాళీ ఉంటే, పెంటిక పడ్డ రోజే కనిపిస్తుంది.